ఒకే కుళాయి, రెండు రకాల నీళ్లు: ఊరి నీళ్లను ఊరివాళ్లే పరీక్షించుకునే పద్ధతి

మాది దర్శికీ పొదిలికీ మధ్య చిన్న ఊరు. సాగర్ కుడి కాలవకి నీళ్లు వదిలినన్నాళ్లూ సమ్మర్ స్టోరేజి చెరువు నుంచి ఫిల్టరు మీదుగా నీళ్లొస్తాయి. కాలవ కట్టేసి చెరువు అడుగంటితే, అదే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కిస్తారు. కుళాయి మారదు, బిందె మారదు, లోపలి నీళ్లు మారిపోతాయి. కాలవ నీళ్లతో క్రిముల భయం, బోరు నీళ్లతో ఫ్లోరైడు భయం. ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లది ఇదే పరిస్థితి.

నీళ్ల గురించి జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే. క్రిములు ఒక్క రోజులో మంచాన పడేస్తాయి. ఫ్లోరైడు ఏళ్ల తరబడి పళ్లలో, ఎముకల్లో పేరుకుంటుంది. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్ వేస్తే క్రిములు పోతాయి, ఫ్లోరైడు చెక్కు చెదరదు. అందుకే ముందు మన కుళాయిలో ఏ భయం ఉందో తేల్చుకోవాలి. మందు సంగతి ఆ తర్వాత.

1. నీళ్ల దారి వెంట నడవండి

ఒక తెల్లకాగితం తీసుకుని, పంపు నడిపే మనిషిని వెంటబెట్టుకుని, బోరు దగ్గర నుంచి చిట్టచివరి కుళాయి దాకా నడవండి. ఒక పూట పని. బోర్లు, చెరువు, ఫిల్టరు, ట్యాంకు, ప్రతి గేటు వాల్వు, పైపు సైడు కాలవను దాటే ప్రతి చోటు కాగితం మీద గుర్తు పెట్టండి. ట్యాంకు ఎన్ని లీటర్లదో మామూలుగా దాని మీదే రాసి ఉంటుంది. తర్వాత లెక్కలకు అది కావాలి.

ఈ నడకలో మూడు చోట్ల ఆగి చూడాలి. మొదటిది వాల్వు గుంట. చాలా ఊళ్లలో అది మురుగుతో నిండి ఉంటుంది. వాల్వు ఆ మురుగులోనే మునిగి ఉంటుంది. రెండోది, పైపు మురుగు కాలవలోంచి పోయే చోటు. అక్కడ జాయింటు కొంచెం వదులైనా చాలు.

మూడోది అన్నిటికంటే ప్రమాదం, అయినా ఎవరూ ప్రమాదం అనుకోరు: గుంట కుళాయి. ప్రెషరు తక్కువ ఉన్న వీధిలో ఇంటి ముందు రెండడుగుల గుంట తీసి, పైపు కోసి కుళాయి కిందికి దించుతారు. బిందె గుంటలో పెట్టి పట్టుకుంటారు. నీళ్లొచ్చినంతసేపూ బాగానే ఉంటుంది. నీళ్లు ఆగిపోయాక గుంటలో నిలిచిన నీళ్లలో కుళాయి మూతి మునిగి ఉంటుంది. పైపులో నీళ్లు దిగువకి జారినప్పుడు లోపల ఖాళీ ఏర్పడి, ఆ గుంట నీళ్లు వెనక్కి లాగబడతాయి. చంటిపిల్లల బట్టలు ఉతికిన నీళ్లు, కోళ్లు తిరిగిన నీళ్లు అన్నీ లైన్లోకి పోతాయి. మర్నాడు పొద్దున వాల్వు తిప్పగానే అవి కింది వీధి వాళ్ల బిందెల్లోకి వస్తాయి. గుంట తీసుకున్న ఇంటికంటే దిగువ ఇళ్లకే నష్టం ఎక్కువ. కుళాయికి నేరుగా మోటారు తగిలించి లాగినా ఇదే జరుగుతుంది. మోటారు లాగే బలానికి పక్కనున్న చిల్లులోంచి మురుగు లైన్లోకి దూరుతుంది. ట్యూబు కొసను డ్రమ్ములో ముంచి వదిలేసినా వెనక్కి లాగుతుంది. ట్యూబు ఎప్పుడూ నీటిమట్టానికి జానెడు పైన ఉండాలి.

గుంటలు పూడ్చమంటే గొడవలవుతాయి. ప్రెషరు రాని వీధికి వేరే వాల్వు పెట్టి, ఆ వీధికి విడిగా అరగంట నీళ్లు వదిలే ఏర్పాటు ముందు చేయాలి. గుంట మాట ఆ తర్వాత ఎత్తాలి. మా ఊళ్లో ఆ వరసలో వెళ్తేనే జనం ఒప్పుకున్నారు.

2. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూడండి

బ్లీచింగ్‌లో క్రిములను చంపేది క్లోరిన్. అది చివరి కుళాయి దాకా మిగిలిందో లేదో చూడాలి. రోజూ చేయదగ్గ పరీక్ష ఇదొక్కటే. ఐదు నిమిషాలు పట్టదు. పంచాయతీలో ఉండే ఫీల్డ్ టెస్ట్ కిట్‌లో క్లోరిన్ చూసే చుక్కలో, బిళ్లలో ఉంటాయి. 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు ఈ కిట్టు వాడటం నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో అడిగి తెలుసుకోండి. కిట్టు బీరువాలో పడి ఉంటే బయటికి తీయించండి. సీసాల మీద గడువు తేదీ చూడటం మర్చిపోవద్దు.

చుక్కల రకమైతే నీళ్లు పసుపు రంగుకి, డీపీడీ బిళ్ల అయితే గులాబీ రంగుకి తిరుగుతాయి. రంగు ఎంత ముదిరితే అంత క్లోరిన్ ఉన్నట్టు. కిట్టులో ఇచ్చిన రంగుల కార్డు పక్కన పెట్టి పోల్చాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశపు తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500) చెబుతుంది. పరీక్ష చేసిన నీళ్లు పారబోయాలి, తాగకూడదు, వంటలో వాడకూడదు.

ట్యాంకు కింద కుళాయిలో పరీక్షించి 'క్లోరిన్ ఉంది' అని రాసుకుంటే ప్రయోజనం తక్కువ. రెండేళ్ల కిందట మా వెనక వీధిలో వరసగా నాలుగిళ్లలో విరేచనాలు పట్టుకున్నాయి. ట్యాంకు దగ్గర చూస్తే క్లోరిన్ బాగానే ఉంది. వెనక వీధి చివరింట్లో చూస్తే రంగే మారలేదు. మధ్యలో ఎక్కడో క్లోరిన్ అంతా ఖర్చయిపోతోంది. మురుగు కలిసే చోట క్లోరిన్ ఆ మురుగుతో పోరాడి అయిపోతుంది. వీధి వీధికీ చూసుకుంటూ వెనక్కి వస్తే, సైడు కాలవ దాటే చోట పగిలిన జాయింటు దొరికింది. ఆ రోజు నుంచి మూడు చోట్ల చూస్తున్నాం: ట్యాంకు దగ్గర, ఊరి నడుమ, చివరి కుళాయి. చివర్లో ఉండి తీరాలి. మొదట్లో ఉండి చివర్లో లేకపోతే మధ్యలో వెతకాలి.

పొద్దున మొదట వచ్చే నీళ్లు రాత్రంతా పైపులో నిలిచినవి. రెండు మూడు నిమిషాలు వదిలేశాక పరీక్షించండి. తాగే బిందె పట్టుకోవడం కూడా ఆ తర్వాతే. ముందు నీళ్లు మొక్కలకి పనికొస్తాయి.

3. క్రిములు ఉన్నాయో లేదో చూసే సీసా

చివర్లో క్లోరిన్ లేదని తేలినా, నీళ్లు మురికిగా వచ్చినా ఈ పరీక్ష చేయాలి. హెచ్2ఎస్ సీసా అంటారు. మలంతో వచ్చే క్రిములు హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) అనే వాయువును పుట్టిస్తే సీసా నల్లబడుతుంది. లోపల మందు వేసే ఉంటుంది. కుళాయి మూతిని శుభ్రంగా తుడిచి, ఇనుప కుళాయి అయితే స్పిరిట్ దూదిని వెలిగించి కాస్త కాల్చి, ప్లాస్టిక్ అయితే స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదలాలి. తర్వాత గీత దాకా పట్టి వెంటనే మూత బిగించాలి. సీసా మూతికి గానీ మూత లోపలికి గానీ వేలు తగలకూడదు. తగిలితే పరీక్షలో కనబడేవి మన చేతి క్రిములు.

వెచ్చగా, ఎండ తగలని చోట రెండు రోజుల దాకా ఉంచండి. మన వేసవిలో గది వేడి చాలు. నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ఎంత త్వరగా నల్లబడితే కలుషితం అంత ఎక్కువ. ఒక మినహాయింపు ఉంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే బోరు నీళ్లలో సహజంగానే ఈ హెచ్2ఎస్ వాయువు ఉంటుంది కాబట్టి సీసా ఊరికే నల్లబడొచ్చు. అలాంటి నీళ్లు ల్యాబ్‌కే పంపాలి.

ల్యాబ్‌కి పంపేటప్పుడు క్రిముల పరీక్ష కోసం వాళ్లిచ్చే శుభ్రం చేసిన సీసానే వాడాలి. ఐస్ పెట్టిన డబ్బాలో అదే రోజు చేర్చాలి. తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు ఇ.కోలై (మలంలో ఉండే క్రిమి) ఒక్కటి కూడా ఉండకూడదు.

4. ఫ్లోరైడు: రంగు, రుచి, వాసన లేనిది

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడు వల్ల పళ్లకీ ఎముకలకీ వచ్చే రోగాన్ని) మొట్టమొదట గుర్తించి 1937లో వైద్యులు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలన్నీ నెల్లూరు జిల్లాలోనివే. అంటే ఇది మన నేల రోగం. భూమిలో రాతిపొరల ఖనిజాల నుంచి నీళ్లలోకి దిగుతుంది. బోరు లోతు పెంచితే పోతుందని చాలామంది నమ్ముతారు. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడు పెరిగే అవకాశమే ఎక్కువ. కొత్త బోరు వేసిన ప్రతిసారీ, లోతు ఎంతైనా, కనెక్షన్ ఇవ్వకముందే పరీక్షించాలి.

లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు. అది దాటితే చిన్నపిల్లలకు వచ్చే కొత్త పళ్ల మీద సుద్ద మచ్చలు, గోధుమ రంగు చారలు పడతాయి. బాగా ఎక్కువ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి. ఊళ్లో ఎనిమిది, పదేళ్ల పిల్లల ముందు పళ్లు చూడండి. చాలామందికి అడ్డచారలుంటే నీళ్ల మీద అనుమానం రావాలి.

కిట్టులో ఫ్లోరైడు పరీక్ష కూడా రంగు మారేదే. పక్కన కార్డు ఉంటుంది. అది ఉరామరిగా చెప్పేది. 1 దగ్గర్లోనో, దాటినట్టో కనిపిస్తే లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నింపి, చీటీ అంటించి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కి పంపాలి. చీటీ మీద ఏ బోరు, ఏ కుళాయి, తేదీ, టైము రాయాలి. అప్పుడే ఫలితానికి అర్థం ఉంటుంది.

ఏడాదికోసారి చేస్తే సరిపోదా అని అడుగుతారు. మాలాంటి ఊళ్లకి సరిపోదు. జనవరిలో కాలవ నీళ్లు పరీక్షించి 0.6 వచ్చిందని నిశ్చింతగా ఉంటే, మే నెలలో బోరు నీళ్లు కలిసి అది రెండు దాటొచ్చు. నీళ్లు మారిన వారంలోపల మళ్లీ చూడాలి. పంపు నడిపే మనిషితో ముందే చెప్పి ఉంచండి: "అన్నా, బోరు మోటారు వేసిన రోజు నాకో మాట చెప్పు."

మాకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి టీడీఎస్ మీటరు. చిన్న పెన్ను లాంటిది ముంచి, "నాలుగు వందలే ఉంది, అమృతం లాంటి నీళ్లు" అంటారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తం. అందులో ఏది ఎంతుందో మీటరుకి తెలియదు. 400 ఉన్న నీళ్లలో ఫ్లోరైడు 3 ఉండొచ్చు. 900 ఉన్న నీళ్లలో అర కూడా ఉండకపోవచ్చు. క్రిములనైతే అది అసలే చూడలేదు.

నైట్రేటు కూడా ల్యాబ్‌లో చూపించుకోండి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు పక్కనే మరుగుదొడ్డి గుంటలు, పేడ దిబ్బలు, ఎరువులు ఎక్కువ వేసే పొలాలు ఉన్నచోట పెరుగుతుంది. పోతపాలు తాగే చంటిబిడ్డలకు ప్రమాదం. ఇది కూడా కాచితే పోదు. సముద్రం వైపు, కొత్తపట్నం నుంచి కిందికి కావలి, అల్లూరు దాకా ఇసక నేలల్లో అసలు సమస్య ఉప్పు. అక్కడ పైపొరలో వాననీళ్లు నిలిచే దొరువులే మంచినీళ్లు. లోతు బోరు వేస్తే ఉప్పు తగులుతుంది. దొరువులు మాత్రం పైనుంచి సులభంగా పాడవుతాయి కాబట్టి క్రిముల పరీక్ష అక్కడ తప్పనిసరి.

5. బ్లీచింగ్ లెక్క

'ట్యాంకుకి రెండు డబ్బాలు' అనే లెక్కతో వేస్తే ఒకరోజు వాసన భరించలేం, ఇంకోరోజు మందు ఉండదు. లెక్క చాలా తేలిక. లీటర్లను కావలసిన మిల్లీగ్రాములతో గుణించి వెయ్యితో భాగిస్తే ఎన్ని గ్రాముల క్లోరిన్ కావాలో వస్తుంది. 60,000 లీటర్ల ట్యాంకుకి లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున 60 గ్రాముల క్లోరిన్ కావాలి. పొడిలో క్లోరిన్ 30 శాతం ఉంటే 200 గ్రాముల పొడి. బస్తా మూతి విప్పి నెలల తరబడి ఉంచితే శాతం పడిపోతుంది. 20 శాతానికి దిగితే 300 గ్రాములు వేయాలి. ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకుకి మంచి పొడి మూడు, నాలుగు గ్రాములు చాలు.

ఇది మొదలుపెట్టే లెక్క మాత్రమే. అసలు తీర్పు చివరి కుళాయిది. అక్కడ 0.2 రాకపోతే కొంచెం పెంచండి, 0.5 దాటితే తగ్గించండి.

పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లు పోసి ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్లు పోసి కలియబెట్టి, పది, పదిహేను నిమిషాలు కదల్చకుండా వదిలితే సున్నం అడుక్కి దిగుతుంది. పై తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. పోశాక అరగంట ఆగి వాల్వు తిప్పాలి. క్రిములు చావడానికి ఆ అరగంట కావాలి. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ పనిచేయదు. ముందు ఫిల్టరు సంగతి చూడాలి.

బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సీసా దాని పక్కన కూడా పెట్టొద్దు. కలిస్తే వచ్చే వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. చేతులకు గ్లౌజులు, ముక్కుకి మాస్కు, కళ్లకి అద్దాలు ఉండాలి.

ట్యాంకు మూడు నెలలకోసారైనా కడగాలి. ఖాళీ చేసి, అడుగు ఒండ్రు తీసి, గోడలు రుద్ది, బ్లీచింగ్ నీళ్లు పూసి అరగంట ఉంచి, కడిగి ఆ నీళ్లు బయటికి వదిలేయాలి. ట్యాంకులోకి ఒక్కణ్ని ఎప్పుడూ దించొద్దు. మూతలు ముందే తీసి గాలి ఆడనివ్వాలి, నడుముకి తాడు కట్టాలి, పైన ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కడిగిన తేదీ ట్యాంకు మీద రంగుతో రాయించండి.

6. ఇంట్లో

క్రిముల భయం ఉన్నప్పుడు: నాలుగు మడతల శుభ్రమైన బట్టతో వడకట్టి, తెర్లి మరిగాక ఇంకో నిమిషం కాచి, మూత పెట్టి చల్లార్చాలి. కాచిన నీళ్లలో చెయ్యి ముంచితే చేసిన పనంతా వృథా. పొడుగు కాడ గరిటె గానీ, కింద కుళాయి ఉన్న పాత్ర గానీ వాడండి.

ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నప్పుడు: తాగడానికీ వంటకీ వేరే నీళ్లు తెచ్చుకోవాలి. బియ్యం, పప్పు ఉడికే నీళ్లతోనూ ఫ్లోరైడు ఒంట్లోకి పోతుంది. స్నానానికి, గిన్నెలకు ఆ నీళ్లే వాడుకోవచ్చు. బాగా పనిచేసే ఆర్వో ఫ్లోరైడును చాలావరకు తీసేస్తుంది. అయితే ప్లాంటు నీళ్లు కూడా ఆరు నెలలకోసారి ల్యాబ్‌లో చూపించమని అడగండి. లోపలి వడపోత పొర (మెంబ్రేను) పాతబడితే ఫ్లోరైడు దాటిపోతుంది. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి, క్యాను మురికిగా ఉంటే క్రిములు అందులో హాయిగా పెరుగుతాయి. ఫ్లోరైడు నుంచి తప్పించుకుని విరేచనాల్లో పడిన ఇళ్లు నేను చూశాను. క్యానులోకి కొంచెం బ్లీచింగ్ తేట, నీళ్లు పోసి కుదిపి అరగంట ఉంచి, బాగా తొలిచి ఎండలో బోర్లించండి. వారానికోసారి చేస్తే చాలు. ప్లాంటు వదిలే వృథా నీళ్లలో ఫ్లోరైడు ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని బోరు పక్కన ఇంకుడు గుంతలోకి వదలనివ్వకండి.

పిల్లలకు పాలు, పెరుగు, రాగిజావ, మునగాకు పెట్టండి. కాల్షియం కడుపులో ఫ్లోరైడును కొంత పట్టి ఆపుతుంది. ఉసిరి, నిమ్మ కూడా మేలు. నల్ల ఉప్పు, డికాక్షన్ టీ తగ్గించండి, వాటిలో ఫ్లోరైడు ఉంటుంది.

మా పెద్దమ్మ అడిగింది: "మా తాతల నాటి నుంచీ ఈ నీళ్లే గదా తాగుతున్నాం?" తాతల నాడూ ఈ రోగం ఉంది పెద్దమ్మా, పైగా వాళ్లు తాగింది చేదబావి నీళ్లు, ఆరు వందల అడుగుల బోరు నీళ్లు కాదు, అని చెప్పాను. ఆలోచించి, వంటకి కూడా క్యాను నీళ్లు పెట్టింది.

7. ఒకే వీధిలో మూడిళ్లకి విరేచనాలు పట్టుకుంటే

వెంటనే ఆ వీధి వాల్వు కట్టేయించండి. బ్లీచింగ్ వేయకముందే నీళ్ల శాంపిలు తీసి పెట్టండి. మందు పడ్డాక కారణం దొరకదు. ఆశా కార్యకర్తకి, ఏఎన్ఎమ్‌కి కబురు చేయండి. ఆ వీధికి ట్యాంకరు అడగండి, ట్యాంకరు నీళ్లలోనూ క్లోరిన్ చూడండి.

ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలకొట్టుగా కొలిచి కలిపి కొద్దికొద్దిగా తాగించండి. బిడ్డ మత్తుగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఉంచకూడదు, ఆస్పత్రికి పోవాలి.

నవంబరు తుపానుల్లో వరద నీళ్లు బోరు తలకాయ ఎక్కితే కూడా ఇదే పద్ధతి. నీళ్లు తీశాక బ్లీచింగ్ వేసి, బాగా తోడి పారబోసి, సీసా పరీక్ష బాగుందని తేలేదాకా తాగొద్దు.

8. రాసి పెట్టడం, అడగడం

ఒక నోట్‌బుక్ చాలు. తేదీ, ఏ కుళాయి, కాలవ నీళ్లా బోరు నీళ్లా, క్లోరిన్ ఎంత, ఎవరు చూశారు. ఫ్లోరైడు చూసిన రోజు అది కూడా. 'నీళ్లు బాగాలేవండీ' అని చెబితే 'చూద్దాంలే' అంటారు. 'వెనక వీధి చివరి కుళాయిలో పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు క్లోరిన్ లేదు' అని కాగితం చూపిస్తే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు వచ్చి చూస్తారు. ముందు పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. గ్రామసభలో చదివి వినిపించండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ల్యాబ్ రిపోర్టు జతచేసి ఇవ్వండి, రసీదు దాచుకోండి.

నోట్‌బుక్‌లో రాసింది ఊరందరికీ కనబడాలి. మేము రచ్చబండ పక్కన గోడకి నల్లరంగు వేయించి సుద్దముక్కతో రాస్తున్నాం. బోరు మోటారు వేసిన రోజు పైన ఎర్ర సుద్దతో 'ఈ రోజు నుంచి బోరు నీళ్లు, తాగడానికీ వంటకీ వాడకండి' అని ఉంటుంది. చదువు రాని వాళ్లు ఎర్రరంగు చూసి అడుగుతారు. బడికి పోయే పిల్లలు చదివి ఇంట్లో చెబుతారు.